పార్టు మారింది, లోపం మిగిలింది: బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ రిపేర్లలో బాధ్యత ఎవరిది?

మేడ్చల్, పటాన్‌చెరు వైపు గోడౌన్లలోనైనా, విశాఖ ఓడరేవు చుట్టుపక్కల సరుకు నిల్వచేసే షెడ్లలోనైనా, బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ షిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "కంట్రోలర్ పోయింది, మార్చాలి." ఆ మాట కొన్నిసార్లు నిజమే. కానీ మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో నియంత్రించే, బండి మొత్తంలో అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకటైన కంట్రోలర్‌ను మార్చిన తరువాత కూడా అదే బండి అదే చోట వారం తిరగకుండా ఆగిపోతే, అప్పుడు మొదలయ్యే వాదనకు అంతుండదు. బ్యాటరీ బాగాలేదని మెకానిక్ అంటాడు, బ్యాటరీ సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని యజమాని అడుగుతాడు, ఆపరేటర్ సరిగా చార్జింగ్ పెట్టలేదని సూపర్‌వైజర్ అంటాడు. ఈ వాదన తేలకపోవడానికి అసలు కారణం చట్టం లేకపోవడం కాదు. లోపం ఎక్కడుందో మొదటి రోజే కొలిచి, ఆ కొలతలను కాగితం మీద పెట్టకపోవడం. సాంకేతిక పరీక్ష, చట్టపరమైన బాధ్యత అనేవి రెండు వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి గానీ, ఈ రంగంలో రెండో దానికి ఆధారం మొదటిదే.

బండి నిర్మాణం కొంత తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. సాధారణంగా కనిపించే రెండు టన్నుల ఫోర్క్‌లిఫ్ట్‌లో 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది ఒక్క పెట్టెలా కనిపించినా లోపల ఒక్కొక్కటి రెండు వోల్టుల చొప్పున 24 సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. అక్కడి నుంచి కరెంటు పెద్ద ప్లగ్గు, ఫ్యూజు, మెయిన్ కాంటాక్టర్ (కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్) దాటి కంట్రోలర్‌కు, దాని నుంచి మోటారుకు వెళుతుంది. ఇది శక్తి నడిచే దారి. దీనికి సమాంతరంగా మరో సన్నని దారి ఉంది: తాళంచెవి స్విచ్, సీటు కింది స్విచ్, హ్యాండ్‌బ్రేక్ స్విచ్, ముందుకు వెనక్కు వెళ్లే లివర్, పెడల్, మోటారు ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పే ఎన్‌కోడర్. ఇవన్నీ కంట్రోలర్‌కు అనుమతి ఇచ్చే దారి. శక్తి దారిలో తేడా వస్తే బండి నీరసిస్తుంది, వేడెక్కుతుంది, బరువెత్తేటప్పుడు ఆగుతుంది. అనుమతి దారిలో తేడా వస్తే బండి అసలు కదలదు, లేదా కుదుపులతో నడుస్తుంది, లేదా ఒక్కోసారి బాగుండి ఒక్కోసారి మొరాయిస్తుంది. ఈ రెండింటిలో దేనిలో వెతకాలో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోవడం దగ్గరే చాలా రిపేర్లు తప్పుదారి పడతాయి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూడటం మేలు. ఉదయం బాగానే నడిచే ఒక బండి మధ్యాహ్నం భోజనాల వేళ తరువాత, టన్నున్నర బరువున్న ప్యాలెట్‌ను రెండో ర్యాకు ఎత్తుకు లేపుతున్నప్పుడు మాత్రమే ఆగుతోందనుకుందాం. మెకానిక్ వచ్చి, నిలిచి ఉన్న బండిలో బ్యాటరీ రెండు చివరల మధ్య మీటరు పెట్టి చూస్తాడు. 50.2 వోల్టులు కనిపిస్తుంది. 48 వోల్టుల బ్యాటరీకి అది మంచి అంకె కాబట్టి, బ్యాటరీ బాగుందనీ, ఇక మిగిలింది కంట్రోలరేననీ తీర్మానిస్తాడు. ఇక్కడ జరిగిన తప్పు మీటరుది కాదు, మీటరు పెట్టిన సమయానిది. పని చేయని సెల్ కూడా విశ్రాంతిలో రెండు వోల్టులకు దగ్గరగానే చూపిస్తుంది. దాని అసలు స్థితి రెండు వందల ఆంపియర్ల కరెంటు లాగినప్పుడే బయటపడుతుంది.

అదే బండిలో బరువెత్తుతూ ఉండగా కొలిస్తే కథ వేరుగా ఉంటుంది. 23 సెల్స్ ఒక్కొక్కటి 1.94 వోల్టుల దగ్గర నిలబడి, ఒక్క సెల్ మాత్రం పూర్తిగా కూలి తలకిందులై మైనస్ అర వోల్టు చూపిస్తోందనుకుంటే, బ్యాటరీ చివరల దగ్గర మొత్తం 44.1 వోల్టులు వస్తుంది. ఇప్పుడు మీటరును కంట్రోలర్ బోల్టుల దగ్గరకు తీసుకువెళ్లి పెడితే 42.1 కనిపిస్తుంది. మధ్యలో రెండు వోల్టులు ఎక్కడికి పోయాయి? కేబుల్ వెంట ఒక్కో జాయింటుకు అటూ ఇటూ మీటరు పెట్టుకుంటూ వస్తే, సరిగా క్రింపింగ్ చేయని, అంటే నొక్కి బిగించని, ఒక నెగటివ్ లగ్గు (కేబుల్ చివరి లోహపు కొస) దగ్గర ఆ రెండు వోల్టులూ దొరుకుతాయి. రెండు వందల ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు పోతున్నాయంటే అక్కడ కరెంటుకు అడ్డు (రెసిస్టెన్స్) ఓమ్‌లో నూరో వంతు మాత్రమే. నిలిచి ఉన్న బండిలో మామూలు మీటరుతో ఓమ్స్ చూస్తే దాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కానీ ఆ లగ్గు దగ్గర పుడుతున్న వేడి 400 వాట్లు, అంటే చిన్న ఇస్త్రీపెట్టె ఇచ్చే వేడిలో సగం. కేబుల్ తొడుగు అక్కడ గోధుమరంగుకు తిరిగి గట్టిపడి ఉంటుంది, తెలిసిన కన్ను దాన్ని మీటరు కంటే ముందే పట్టేస్తుంది.

ఈ బండిలో వోల్టేజీ 43 కంటే తక్కువకు పడిపోతే కంట్రోలర్ పని తగ్గించేలా అమర్చి ఉందనుకుంటే లెక్క స్పష్టంగా తేలుతుంది. సెల్ ఒక్కటే పాడై లగ్గు బాగుంటే కంట్రోలర్‌కు 44.1 అందేది, బండి నడిచేది. లగ్గు ఒక్కటే పాడై సెల్ బాగుంటే 44.6 అందేది, అప్పుడూ నడిచేది. రెండూ కలిసినప్పుడు మాత్రమే 42.1కి దిగి బండి ఆగింది. కంట్రోలర్ తన పని తాను సరిగ్గా చేసింది. తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగితే అటు బ్యాటరీకీ ఇటు మోటారుకూ హాని కాబట్టి అది ఆగింది. ఆగమని చెప్పిన కాపలాదారునే దొంగగా పట్టుకున్నట్టయింది ఆ రిపేరు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం తరువాత వస్తుంది. కొత్త కంట్రోలర్ వేసిన తరువాత బండి నిజంగానే రెండు మూడు రోజులు నడుస్తుంది. ఎందుకంటే కంట్రోలర్ మార్చే క్రమంలో కేబుళ్లన్నీ విప్పి, లగ్గులు తుడిచి, బోల్టులు బిగించారు. బండి రాత్రంతా ఆగి ఉన్నందువల్ల బ్యాటరీ పూర్తిగా చార్జయింది. లోపం తాత్కాలికంగా తగ్గింది, దాని ఖ్యాతి కొత్త పార్టుకు దక్కింది. యజమాని సంతకం పెట్టాడు, బిల్లు చెల్లించాడు. కొన్నిచోట్ల ఇంకా ఘోరం జరుగుతుంది: కొత్త కంట్రోలర్‌లో తక్కువ వోల్టేజీ హద్దును ఆ బ్యాటరీకి తగినట్టు అమర్చకుండా కిందికి దింపి వదిలేస్తారు. బండి ఆగకుండా నడుస్తుంది, యజమాని మెచ్చుకుంటాడు, కానీ ఎనభై శాతానికి మించి ఖాళీ చేయకూడని బ్యాటరీ రోజూ అడుగంటుతుంది, ఒక్కొక్క సెల్ వరుసగా చచ్చిపోతుంది. ఆరు నెలల తరువాత కొత్త బ్యాటరీ కొనాల్సి వచ్చినప్పుడు, ఆ ఖర్చుకు మూలం ఈ రిపేరులో ఉందని ఎవరికీ గుర్తుండదు. అందుకే కంట్రోలర్ మార్చిన ప్రతిసారీ పాత సెట్టింగులు, కొత్త సెట్టింగులు రెండూ రాతపూర్వకంగా తీసుకోవడం యజమాని హక్కుగా భావించాలి.

ఎర్రర్ కోడ్‌ల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. కోడ్ అంటే లోపం పేరు కాదు, కంట్రోలర్‌కు కనిపించిన లక్షణం పేరు. కర్టిస్ సంస్థ తయారుచేసే 1236, 1238 రకాల ఏసీ కంట్రోలర్లలో 17 అంటే వోల్టేజీ తీవ్రంగా పడిపోయిందని, 36 అంటే ఎన్‌కోడర్ సంకేతం సరిగా రావడం లేదని, 38 అంటే మెయిన్ కాంటాక్టర్ అతుక్కుపోయిందని, 39 అంటే అది మూసుకోలేదని, 47 అంటే తాళం, సీటు, పెడల్ సరైన వరుసలో రాలేదని అర్థం. 36 కనబడగానే మోటారు విప్పి ఎన్‌కోడర్ బేరింగ్ మార్చేవారున్నారు. నిజానికి బండి కదిలే ప్రతిసారీ వంగే చోట తెగిన ఒక సన్నని తీగ, లేదా నీళ్ల ప్రెషర్‌తో బండి కడిగినందువల్ల కనెక్టర్‌లోకి చేరిన తడి కూడా అదే కోడ్ చూపిస్తాయి. ఈ తడి సమస్య మైనస్ 18 డిగ్రీల కోల్డ్ రూముల్లోకి వెళ్లి వచ్చే బండ్లలో మరీ ఎక్కువ, ఎందుకంటే చల్లబడిన కనెక్టర్లు బయటి ఉక్కపోతలోకి రాగానే చల్లని గ్లాసుకు పట్టినట్టు వాటికి చెమట పడుతుంది. కోస్తా తీరంలో ఈ తేమ దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. ఇక 47 కోడ్ చాలాసార్లు లోపమే కాదు, ఆపరేటర్ పెడల్ మీద కాలు ఉంచి తాళం తిప్పినా వస్తుంది. కోడ్ అర్థం కంపెనీని బట్టీ మోడల్‌ను బట్టీ మారుతుంది కాబట్టి, ఒక బండి పట్టికతో ఇంకో బండిని చదవడం కూడా ప్రమాదమే.

కారు, ఆటో, డీజిల్ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు తెలియకుండా చేసే పొరపాటు ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కారులో బాడీ అంతా నెగటివ్. అందుకని మీటరు నల్ల తీగను ఎక్కడైనా ఇనుముకు తాకించి కొలవడం వాళ్లకు అలవాటు. బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్‌లలో సాధారణంగా బాడీకి బ్యాటరీ రెండు చివరల్లో దేనితోనూ సంబంధం ఉండకూడదు. అక్కడ బాడీకి తాకించి తీసుకున్న కొలతకు అర్థం లేదు, పైగా బాడీకీ బ్యాటరీ చివరకూ మధ్య స్థిరమైన వోల్టేజీ కనిపిస్తోందంటే అదే ఒక లోపానికి గుర్తు. సెల్స్ మీద పేరుకున్న యాసిడ్ తడి, పాత డీసీ మోటార్లలో బ్రష్షుల నుంచి రాలిన కార్బన్ పొడి, ఒరుసుకుని తొడుగు పోయిన వైరు వంటివి ఈ లీకేజీకి కారణాలు. ఒక్కచోట లీకైతే బండి నడుస్తూనే ఉంటుంది. రెండోచోట కూడా లీకైతే, బాడీ గుండా కరెంటుకు దొంగదారి ఏర్పడి ఎవరూ ఊహించని కదలికలు రావచ్చు. ఇదే కారణంగా, బ్యాటరీ ప్లగ్గు తీయకుండా, కంట్రోలర్ వైర్లు విప్పకుండా చాసిస్ మీద వెల్డింగ్ చేయించడం క్షమించరాని నిర్లక్ష్యం. వెల్డింగ్ తరువాత కంట్రోలర్ కాలిపోతే, అందుకు వెల్డింగ్ చేసిన మనిషి కంటే దాన్ని చేయించిన సర్వీస్ సంస్థే ఎక్కువ జవాబుదారీ.

మన వర్క్‌షాపుల భాషలో "డైరెక్ట్ చేశాం" అనే మాట ఉంది. సీటు స్విచ్ మొరాయిస్తే దాని రెండు తీగలను కలిపేసి బండి నడిచేలా చేయడం అన్నమాట. సరుకు లారీ బయట నిలబడి ఉన్నప్పుడు ఒత్తిడి ఎలా ఉంటుందో ఆ పని చేసేవారికి తెలుసు, ఆ ఒత్తిడిని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. అయినా ఈ పనికి సమర్థన లేదు. ఆపరేటర్ సీట్లో లేకపోతే బండి కదలకూడదు, మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) దిగకూడదు అనేదే ఆ స్విచ్ ఉనికికి కారణం. డైరెక్ట్ చేసిన తరువాత ఎవరైనా పక్కన నిలబడి లివర్ తాకితే టన్ను బరువు మనిషి మీదకు దిగుతుంది. ఈ పని ఎవరు చేశారు, ఎవరు చేయమన్నారు, ఎవరికి తెలిసి ఎన్ని రోజులు నడిపారు అనే మూడు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు ఉండవచ్చు, ముగ్గురూ బాధ్యులు కావచ్చు. కొత్త స్విచ్ వచ్చేదాకా బండికి ఎర్ర ట్యాగు వేసి, తాళం తీసి పక్కన పెట్టడం ఒక్కటే సరైన మార్గం.

బరువుకు సంబంధించిన రిపేర్లు వైరింగ్ కంటే తక్కువగా చర్చకు వస్తాయి, కానీ ప్రాణాల మీదకు వచ్చేవి అవే. ఫోర్కు మడమ (అది L ఆకారంలో వంగే చోటు) దగ్గర మందం పది శాతం అరిగితే దాని మోసే శక్తి సుమారు ఇరవై శాతం పడిపోతుంది, అప్పుడు దాన్ని మార్చాల్సిందే. లిఫ్ట్ చైన్ మూడు శాతం సాగితే తీసేయాలి, ఒక లింకు మార్చి సరిపెట్టకూడదు. బండి సరిగా ఎత్తడం లేదని ఆయిల్ ప్రెషర్ హద్దు దాటకుండా చూసే హైడ్రాలిక్ రిలీఫ్ వాల్వ్‌ను బిగించి ప్రెషర్ పెంచడం కూడా ఒక రకం డైరెక్ట్ చేయడమే. ఈ మధ్య ఎక్కువగా జరుగుతున్న మార్పు మరొకటి ఉంది: పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి తేలికైన లిథియం బ్యాటరీ పెట్టడం. ఫోర్క్‌లిఫ్ట్‌లో బ్యాటరీ కరెంటు ఇవ్వడమే కాక, ముందు మోసే బరువుకు వెనుక తూకంగా కూడా పనిచేస్తుంది. అందుకే బండి ప్లేటు మీద బ్యాటరీకి ఉండాల్సిన కనీస బరువు రాసి ఉంటుంది. ఆ తేడాను ఇనుప బరువుతో పూరించకుండా బ్యాటరీ మార్చినవారు బండి మోసే సామర్థ్యాన్నే మార్చేశారు. ఆ తరువాత బండి ముందుకు ఒరిగితే ఆపరేటర్ ఎక్కువ బరువు ఎత్తాడనే వాదన నిలవదు, ప్లేటు మీద రాసిన బరువునే అతను ఎత్తి ఉండవచ్చు.

ఇప్పుడు మొదటి ఉదాహరణకు తిరిగి వచ్చి బాధ్యతను పంచి చూడాలి. నీళ్లు సరిగా పోయక, అంటే డిస్టిల్డ్ వాటర్ మట్టం పడిపోయి ప్లేట్లు బయటపడి సెల్ చచ్చిపోయి ఉంటే, అది బండిని రోజూ చూసుకోవాల్సిన యజమాని వైపు లోపం. చెడ్డ లగ్గు ఏడాది కిందట కేబుల్ మార్చిన మరో కాంట్రాక్టర్ పని అయితే, అది అతని వైపు లోపం. అవసరం లేని కంట్రోలర్ అమ్మడం మాత్రం పూర్తిగా ప్రస్తుత మెకానిక్ బాధ్యత. బండిలో నిజమైన లోపాలు ఇంకా ఉన్నాయి కాబట్టి తన రిపేరు తప్పు కాదని అతను అనలేడు; యజమాని బ్యాటరీని సరిగా చూసుకోలేదనే నిజం, అవసరంలేని పార్టు ధరను సమర్థించదు. అదే సమయంలో, కంట్రోలర్ తప్పుగా మార్చాడు కాబట్టి కొత్త బ్యాటరీ కూడా అతనే ఇవ్వాలని యజమాని అడగడం కుదరదు, సెట్టింగు మార్చి బ్యాటరీని చంపాడని చూపించగలిగితే తప్ప. కారణాన్ని బట్టి ఖర్చును విడదీయాలి. అలా విడదీయడానికి కొలతలు ఉండాలి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 73 ఈ విషయంలో మూల సూత్రం. ఒప్పందాన్ని ఉల్లంఘించినవారు, ఆ ఉల్లంఘన నుంచి సహజంగా కలిగిన నష్టాన్ని, లేదా ఒప్పందం చేసుకున్నప్పుడే రెండు పక్షాలకూ తెలిసిన నష్టాన్ని భరించాలి. దూరపు, పరోక్ష నష్టాన్ని కాదు. బండి ఆగిన మూడు రోజులకు అద్దె బండి తెచ్చుకున్న ఖర్చు మొదటి రకంలోకి రావచ్చు. ఆ మూడు రోజుల్లో లారీ ఆలస్యమై పోయిన పెద్ద ఆర్డర్ లాభం సాధారణంగా రాదు, ఆ సంగతి ముందే మెకానిక్‌కు తెలియజేసి ఉంటే తప్ప. అదే సెక్షన్ వివరణ ప్రకారం నష్టాన్ని తగ్గించుకునేందుకు అందుబాటులో ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సెల్ మార్చమని రాతపూర్వకంగా చెప్పిన తరువాత కూడా రెండు నెలలు బండి నడిపిన యజమాని, ఆ రెండు నెలల్లో పెరిగిన నష్టానికి మెకానిక్‌ను అడగలేడు.

బండిని ఆటోనగర్ వర్క్‌షాపుకు తరలించి రిపేరు చేయిస్తే మరో సంబంధం ఏర్పడుతుంది. వస్తువును అప్పగించుకున్నవాడు, తన సొంత వస్తువు పట్ల సామాన్య వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త చూపుతాడో అంత జాగ్రత్త చూపాలని అదే కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 151 చెబుతుంది. షెడ్డులో వర్షానికి తడిసి కంట్రోలర్ పోతే ఆ బాధ్యత వర్క్‌షాపుదే. మరోవైపు సెక్షన్ 170 వర్క్‌షాపుకూ రక్షణ ఇస్తుంది: నైపుణ్యం, శ్రమ పెట్టి పనిచేసినవారు, వేరే ఒప్పందం లేనప్పుడు, తమ కూలి అందేదాకా ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. గోడౌన్‌కే వచ్చి రిపేరు చేసినప్పుడు బండి వారి స్వాధీనంలోకి రాదు కాబట్టి ఈ హక్కు ఉండదు, తాళంచెవి పట్టుకుపోవడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

చిన్న సర్వీస్ సంస్థల వైపు నుంచి చూసినప్పుడు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం చాలా ముఖ్యం. రిజిస్టరైన సూక్ష్మ లేదా చిన్న సంస్థకు రావలసిన బిల్లును ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. అయితే సేవ అందిన 15 రోజుల లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం తొలగిన రోజునే పని అంగీకరించిన రోజుగా లెక్కిస్తారు. చాలా గోడౌన్లలో జరిగేది ఏమిటంటే, రిపేరు నచ్చలేదని ఫోన్లో నాలుగు మాటలని బిల్లు ఆపేస్తారు, ఉత్తరం మాత్రం రాయరు. పదహారో రోజు నుంచి వారి వాదన బలహీనపడుతుంది. నిజంగా రిపేరు తప్పయితే, లక్షణం, తేదీ, గంటల మీటరు అంకె, ఎర్రర్ కోడ్ రాసి పదిహేను రోజుల లోపు ఒక మెయిల్ పంపడం అవసరం.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్న వస్తువులను, పొందిన సేవలను తన పరిధి నుంచి తప్పించింది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొన్న వస్తువులకు మినహాయింపు ఉన్నా అది సన్నని ద్వారం. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఒక యంత్రం కొనుగోలు గురించి 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, లాభం కోసం పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయడానికి కొన్నవారు వినియోగదారులు కారని తేల్చింది. కాబట్టి పెద్ద గోడౌన్ యజమానికి దారి సివిల్ కోర్టు, లేదా ఒప్పందంలో ఉంటే మధ్యవర్తిత్వం. అందుకే ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందంపై సంతకం పెట్టే రోజే ఎక్కువ జాగ్రత్త పడాలి. పార్టులు కలిపిన ఏఎంసీయా, కేవలం కూలి ఏఎంసీయా, బ్యాటరీ అందులోకి వస్తుందా, ఒకసారి చేసిన రిపేరు ఎన్ని రోజుల్లో మళ్లీ అదే లోపంతో వస్తే ఉచితంగా చేస్తారు, తప్పుగా మార్చిన పార్టును వెనక్కు తీసుకుంటారా అనే విషయాలు అందులో లేకపోతే, తరువాత ఎంత వాదించినా ఊహల మీదే నడుస్తుంది.

మనిషికి గాయమైనప్పుడు లెక్క మారుతుంది. బయటి సంస్థ రిపేరు చేసిందనే కారణంతో గోడౌన్ యజమాని పక్కకు తప్పుకోలేడు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చిన సెక్షన్ 7ఎ యంత్రాలను సురక్షితంగా ఉంచే బాధ్యతను ఆక్యుపయర్ (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్నవారు) మీదే పెట్టింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ కూడా ప్రమాదరహితమైన పని స్థలం ఇవ్వడం యజమాని విధి అనే చెబుతుంది. గాయపడిన కార్మికుడు ముందు చూసేది తన యజమాని వైపే, చూడాల్సిందీ అటే. ఆ తరువాత యజమాని తప్పు చేసిన సర్వీస్ సంస్థ నుంచి ఆ మొత్తం రాబట్టుకోవడం వేరే పోరాటం. యంత్రాల విషయంలో ప్రాణాపాయం కలిగించేంత నిర్లక్ష్యాన్ని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 289 నేరంగా పరిగణిస్తుంది, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సెక్షన్ 106 వర్తిస్తుంది. సీటు స్విచ్ డైరెక్ట్ చేసిన మెకానిక్, "ఎలాగైనా నడిపించు" అని చెప్పిన సూపర్‌వైజర్ ఇద్దరూ ఈ సెక్షన్లను ఒకసారి చదువుకోవాలి. మెకానిక్ ప్రాణం కూడా ఇక్కడ లెక్కలోకి రావాలి: డ్రైవ్ చక్రాలు నేల నుంచి పైకి లేపకుండా, బ్యాటరీ ప్లగ్గు తీసిన తరువాత కంట్రోలర్‌లో మిగిలిన చార్జిని ఖాళీ చేయకుండా, ఎత్తిన మాస్ట్ కింద ఊతం పెట్టకుండా పని చేయమని ఎవరూ అతన్ని ఒత్తిడి చేయకూడదు.

ఈ వాదనలన్నిటికీ ఆధారం ఒక జాబ్ కార్డు. "కంట్రోలర్ చెక్ చేశాము, మార్చాము, బండి ఓకే" అని రాసిన కార్డు ఎవరికీ పనికిరాదు, రాసినవారికి కూడా. బండి నంబరు, గంటల మీటరు, ఆపరేటర్ చెప్పిన లక్షణం ఆయన మాటల్లోనే, కంట్రోలర్ మెమరీలోని కోడ్‌లు, బరువు లేకుండా, బరువుతో బ్యాటరీ దగ్గరా కంట్రోలర్ దగ్గరా వోల్టేజీ, అన్ని సెల్స్ వోల్టేజీ, యాసిడ్ గ్రావిటీ (సాంద్రత), ఏ కొలత వల్ల ఏ పార్టు మార్చాలని తేల్చారు, మార్చిన తరువాత అదే బరువుతో అదే కొలతలు ఎంత వచ్చాయి అనేవి ఉన్న కార్డు రాయడానికి అరగంట పడుతుంది. మంచి మెకానిక్‌ను ఆ అరగంటే కాపాడుతుంది. తాను సెల్ మార్చమన్నాననీ, యజమాని వద్దన్నాడనీ నిరూపించుకోవడానికి అతని దగ్గర ఇంకో సాక్ష్యం ఉండదు. ల్యాప్‌టాప్‌లోనో హ్యాండ్‌సెట్‌లోనో తీసిన కోడ్‌ల జాబితా, సెట్టింగుల ఫైలు కోర్టుకు వెళ్లాల్సి వస్తే, 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి ఆ ఫైలు ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో తీశారో అదే రోజు రాసి ఉంచడం మంచిది.

చివరిగా పాత పార్టు విషయం. మార్చిన కంట్రోలర్‌ను మెకానిక్ గోనె సంచిలో వేసుకుని వెళ్లిపోవడం మామూలైపోయింది. కొన్నిచోట్ల ఎక్స్ఛేంజ్ ధర కోసం, కొన్నిచోట్ల యజమాని అడగనందువల్ల. ఎక్స్ఛేంజ్ అని ముందే రాసుకుంటే తప్ప ఆ పాత పార్టు యజమాని ఆస్తి. సీరియల్ నంబరు ఫొటో తీసి, ఎక్స్ఛేంజ్ అయినా సరే నెల రోజులైనా తన దగ్గర ఉంచుకునేలా షరతు పెట్టుకోవాలి. బండి మళ్లీ ఆగితే, ఆ పాత కంట్రోలర్‌ను అదే రకం వేరే బండిలో, దాని సెట్టింగులు సరిచూసుకుని పెట్టి, బరువు ఎత్తించి చూడవచ్చు. అది బాగా పనిచేస్తే, మొదటి రోజు దాన్ని ఎందుకు విప్పారో జవాబు చెప్పాల్సింది బిల్లు రాసినవారే.